ఎర్రబస్సు కేకుకి చెమటలు పట్టి గోడ జారిపోయింది, ఇంకా తొమ్మిది రోజులే ఉంది

కోటిపల్లి కోడలు

అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ. వచ్చే శనివారం మా బాబుకి అయిదో పుట్టినరోజు. ఈసారి కేకు నేనే చేస్తానని ముందే నోరు జారాను. ఏం కేకు కావాలి నాన్నా అంటే ఏ కారో, ఏ డైనోసారో అంటాడనుకున్నాను. వాడు "తాతయ్య బస్సు" అన్నాడు.

మా మామయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. కాంప్లెక్సులో ఎర్రబస్సు ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి మా హాల్లో టీవీ పక్కన ఉంటుంది. వీడు మూడు పూటలా అన్నం తినేది దాన్ని చూస్తూనే. బోర్డు మీద కాకినాడ - కోటిపల్లి, వయా ద్రాక్షారామం అని ఉంటుంది. వాడికింకా చదవడం రాదు గానీ అది మాత్రం కండక్టరులాగే అరుస్తాడు.

మామూలు కేకులు నాకు బాగానే వచ్చండి. 28 లీటర్ల ఓటీజీ ఓవెన్ ఉంది, క్రీముతో పూలు కూడా వేస్తాను. ఫాండెంట్ (కేకు మీద తొడుగులా కప్పే పంచదార ముద్ద) ముట్టుకోవడం మాత్రం ఇదే మొదలు. మొన్న ఆదివారం ఓ చిన్న బస్సు ట్రయల్ వేశాను. ఎక్కడ తప్పిందో చూసి చెప్పండి.

తెల్ల ఫాండెంట్ అరకిలో కొని, అందులో ఇంట్లో ఉన్న ఎరుపు రంగు వేసి పిసికాను. జిలేబీలోకి తెచ్చిన నీళ్ల రంగు సీసా అది. గులాబీ రంగు వచ్చింది. ఇంకాస్త పోశాను, ముదురు గులాబీ. సీసా సగమయ్యేసరికి ముద్ద కాస్తా బొబ్బట్ల పిండిలా సాగిపోతూ చేతులకి అంటుకోవడం మొదలెట్టింది. ఐసింగ్ షుగర్ చల్లితే ఇంకా జిగురైంది. నాలుక మీద పెట్టి చూస్తే చేదు. చేతులు చూసి పక్కింటావిడ గోరింటాకు బాగా పండిందే అన్నారు.

స్పాంజి కేకు మీద విప్పింగ్ క్రీము రాసి, దీన్ని అప్పడాల కర్రతో వత్తి దుప్పటిలా కప్పాను. మూలల దగ్గర చిరిగితే అతుకులేశాను. పదిహేను నిమిషాలు చూడ్డానికి బాగానే ఉంది. గట్టిపడుతుంది కదా అని ఫ్రిజ్‌లో పెట్టాను. రెండు గంటలాగి తీసి బల్ల మీద పెట్టి, ఫొటో తీద్దామని ఫోన్ తెచ్చేలోపు బస్సుకి చెమటలు పట్టేశాయి. పైకప్పు మీంచి ఎర్రటి బొట్లు కిటికీల మీదికి కారుతున్నాయి. ఇంకాసేపటికి ఒక పక్క గోడంతా పిన్ను పెట్టని పట్టుచీర కొంగులా జారి ప్లేట్లో కుప్పపడింది. మామయ్యగారు అటూ ఇటూ తిరిగి చూసి, "డిపోకి ఫోన్ కొట్టాలమ్మా, బ్రేక్‌డౌన్" అని వెళ్లిపోయారు.

డ్రైవరు బొమ్మ కథ వేరే. ఆరుతుందని కిటికీలో పెడితే తెల్లారేసరికి స్టీరింగ్ మీద పడి నిద్రపోతున్నాడు. ఆరలేదు. పైగా టోపీ దాకా చీమలు.

మా బెడ్‌రూమ్‌లో తప్ప ఏసీ లేదు. మా అత్తయ్యగారు శనివారం గుడ్డు ముట్టరు కాబట్టి ఎగ్‌లెస్ కేకే చెయ్యాలి. ఈ ఉక్కలో అసలు బస్సు నిలబడుతుందా? ఎరుపు ఎలా తేవాలి? బొమ్మ ఎలా ఆరుతుంది? ఆర్డర్ ఇచ్చెయ్యొచ్చు కదా అని మాత్రం అనకండి. ఆ మాట మా ఆయన రోజుకి రెండుసార్లు అంటూనే ఉన్నారు.

పంచదార వద్దు

ఆర్డర్ ఇవ్వమనను గానీ, ఫాండెంటే ఎందుకండీ? చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, తీరా కోశాక పిల్లలంతా ఆ తొక్క ఒలిచి ప్లేటు పక్కన పెడతారు. మా పాప పుట్టినరోజుకి ప్లేట్లన్నీ నేనే తీశాను, తెలుసు. బస్సంతా బటర్‌క్రీముతో చేసి, చక్రాలూ డ్రైవరూ మాత్రం ఫాండెంట్‌తో చేస్తే సరిపోతుంది.

బెజవాడ ఓవెన్

పై వారు చెప్పింది తినేవాళ్ల వైపు నుంచి నిజమే. కానీ బస్సుకి నున్నటి రేకు, పదునైన అంచు కావాలి. కాకినాడ ఉక్కలో బటర్‌క్రీముతో అంచు తీయడం ఇంకా కష్టం. కోడలుగారూ, మీరు ఫాండెంటే చెయ్యండి. విజయవాడలో ఎనిమిదేళ్లుగా ఇంటి నుంచే కేకులు చేస్తున్నాను. మీ బస్సు లాంటివి నా చేతిలో నాలుగైదు కూలాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఫాండెంట్ అంటే ముప్పాతిక మూడొంతులు పంచదారే. పంచదారకి నీళ్లంటే ప్రాణం, ఎక్కడ తేమ ఉంటే అక్కడ లాగేసుకుంటుంది. విప్పింగ్ క్రీములో ఉన్న నీళ్లని లోపలి వైపు నుంచి లాక్కుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే మన గాలిలోని తేమ చల్లటి కేకు మీద బొట్లుగా దిగింది. చల్లటి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెడితే బయట చెమ్మ పట్టదూ, అదే ఇది. లోపలా బయటా కరిగాక గోడ ఇంకెక్కడ నిలుస్తుంది?

అందుకని ఫాండెంట్ కింద గనాష్, అంటే చాక్లెట్‌లో క్రీము కలిపిన ముద్ద, రాయాలి. మీ బస్సుకి 750 గ్రాముల డార్క్ కాంపౌండ్ చాక్లెట్, 300 గ్రాముల ఫ్రెష్ క్రీము. చాక్లెట్ సన్నగా తరిగి పెట్టుకుని, క్రీముని అంచుల్లో బుడగలు వచ్చేదాకా కాచి (పొంగనివ్వకండి, విరుగుతుంది) దాని మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలి అప్పుడు కలపండి. చల్లటి ఊళ్లలో ఒక వంతు క్రీముకి రెండు వంతుల చాక్లెట్ చాలంటారు. మన కోస్తాకి రెండున్నర వంతులు పడాల్సిందే. మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి గట్టి వెన్నలా అవుతుంది. అప్పుడు రాసుకోండి, అర సెంటీమీటరు మందాన. గోడ నిలబడేది దీని బలం మీదే, ఫాండెంట్ పైన రంగు రేకు మాత్రమే.

కొలతల సంగతి. చాలామంది 8 అంగుళాల చదరం కేకుని సగానికి కోసి పేరుస్తారు. అది బస్సు అవదు, పాల వ్యాను అవుతుంది. 10 × 8 టిన్ను మీ ఓటీజీలో పడుతుందేమో చూడండి. సగానికి కోస్తే 10 × 4 పలకలు రెండు. రెండుసార్లు బేక్ చేస్తే నాలుగు. మూడు పలకలు గనాష్‌తో పేరిస్తే నాలుగున్నర అంగుళాల ఎత్తు వస్తుంది. నాలుగోది మీ బాబుకి లంచం. కండెన్స్‌డ్ మిల్కు, పెరుగు వేసిన ఎగ్‌లెస్ కేకు బరువు మొయ్యగలదు గానీ కొయ్యబోతే పొడిపొడిగా రాలుతుంది. గురువారం చేసేసి, ప్లాస్టిక్ రేపర్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగానే రంపం పళ్ల కత్తితో కొయ్యండి. అత్తయ్యగారి కోసం ఇంకో మాట. కొన్ని ఫాండెంట్లలో జెలటిన్ ఉంటుంది, ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి కొనండి.

ఎరుపు జోలికి మీరు వెళ్లొద్దు. ఎరుపూ నలుపూ నేనూ కలపను, రెడీమేడ్‌వే కొంటాను. తెల్లదాన్ని ఎర్రగా చెయ్యాలంటే రంగు ఎంత పడుతుందో మీకే తెలిసింది, ఆ చేదు దానిదే. పైగా నీళ్ల రంగు వేస్తే ఫాండెంట్‌లో నీళ్లు పోసినట్టే. తప్పనిసరై కలిపితే జెల్ రంగు వాడండి. ముందు నారింజ, దాని మీద ఎరుపు. కోరుకున్న దానికి ఒక మెట్టు తక్కువలో ఆపి రాత్రంతా మూట కట్టి ఉంచితే పొద్దునకి అదే ముదురుతుంది. మొత్తం కిలో ఫాండెంట్ కొనుక్కోండి, తరుగు పోతుంది.

దుప్పటిలా కప్పడం మానెయ్యండి. బస్సు పెట్టె ఆకారం కదా, కేకు కొలిచి కాగితం మీద అయిదు ముక్కలు గీసుకోండి. పక్కలు రెండు, ముందు, వెనక, పైకప్పు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తి, పదిహేను నిమిషాలు వదిలేస్తే కాస్త బిగుస్తుంది, అప్పుడు కాగితం పెట్టి కొయ్యండి. బ్రష్‌ని తడిపి దులిపి, ఆ తడితో గనాష్‌ని తుడిచి అతికించండి. నీళ్లు కారాయంటే మళ్లీ జారుతుంది. పైకప్పు ఆఖరున. అతుకులు కనబడతాయని బెంగ వద్దు, వాటి మీద సన్నటి పట్టీ వెయ్యండి. అసలు బస్సుకీ రేకుల అతుకుల మీద పట్టీలే ఉంటాయి.

చల్లుకోవడానికి ఐసింగ్ షుగర్ వద్దు, కార్న్‌ఫ్లోర్ పల్చటి గుడ్డలో మూట కట్టి అద్దండి. ఎరుపు మీద తెల్ల మరక పడితే పొడి బ్రష్‌తో దులిపితే పోతుంది.

చక్రాలు కేకు బరువు మొయ్యకూడదు. బస్సు కింద, దానికంటే కాస్త చిన్నదిగా, సెంటీమీటరున్నర మందం థర్మకోల్ ముక్క పెట్టి, పైన ఫాయిల్ చుట్టిన అట్ట వేసి, దాని మీద కేకు పేర్చండి. చక్రాలు పక్కన అతికించడమే. క్రీము బిస్కెట్‌కి నల్ల ఫాండెంట్ చుడితే చక్రం.

డ్రైవరుకి పావుకిలో ఫాండెంట్‌లో ఒక టీస్పూను సీఎంసీ పౌడర్ (ముద్ద గట్టిగా ఆరడానికి వేసే, తినదగిన జిగురు పొడి) కలిపి, అరగంట మూత పెట్టి, అప్పుడు బొమ్మ చెయ్యండి. రాయిలా ఆరుతుంది, కానీ ఈ రోజుల్లో వారం పడుతుంది. ఇవాళే మొదలెట్టండి. ఫ్యాన్ కిందే ఉంచండి, ఫ్రిజ్‌లో వద్దు. తల నిలబెట్టడానికి టూత్‌పిక్ గుచ్చకండి, అయిదేళ్లవాడు ఎలాగూ కొరుకుతాడు. పచ్చి స్పగెట్టీ పుల్ల విరిచి పెట్టండి. చీమలకి మన అమ్మమ్మల మందే. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద డ్రైవరు.

లైట్లకి వెండి, బంగారు పొడి కొనేటప్పుడు డబ్బా మీద ఏం రాశారో చదవండి. నాన్ టాక్సిక్ అంటే తినొచ్చని అర్థం కాదు. తినదగినది అని విడిగా రాసి ఉండాలి.

బొరుగుల ఉండ

అక్కా, మాది అనంతపురం. మీకు చెమట బాధ, మాకు ఎండ బాధ. ఇక్కడ ఫాండెంట్ వత్తేలోపే ఆరిపోయి ఏనుగు తోలు మాదిరి ముడతలు పడుతుంది. చేతికి రవ్వంత డాల్డా రాసుకుని పిసికితే నున్నగా అవుతుంది. మీకూ ఆ మడత మూలల దగ్గర పనికొస్తుంది.

నేను రాయొచ్చింది వేరే. ఎర్రబస్సంటే పైన మూటలు ఉండాల కదా? బయటి దేశాల వాళ్లు ఇట్లాంటివాటికి పేలాల్లాంటివి చక్కెర జిగురుతో ముద్ద చేసి, ఆకారం చెక్కి వాడతారు. మన బొరుగుల ఉండలు ఏం తక్కువ? బెల్లం పాకం గట్టిగా పట్టి మీకు కావలసిన సైజులో మూటలు, సంచులు, ఒక కోడిగంప కూడా నొక్కుకోండి. బరువుండదు. బెల్లం చెమ్మ లాగుతుంది కాబట్టి పైన పల్చగా గనాష్ రాసి, తర్వాత ఫాండెంట్ చుట్టండి. ఫాండెంట్ తినని పిల్లోళ్లు మూట మాత్రం వదలరు.

కోటిపల్లి కోడలు

బెజవాడ ఓవెన్ గారూ, ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించానండి. బొరుగుల ఉండగారూ, కోడిగంప ఐడియాకి మా ఇంట్లో అప్పుడే ఓటింగు కూడా అయిపోయింది. శనివారం అని గుర్తుచేసి అత్తయ్యగారు కొట్టేశారు. అరటిగెల మాత్రం పాసయింది. మావైపు మరమరాలంటాం, తెచ్చాను.

ఇవాళ మంగళవారం. ఎరుపు, నలుపు రెడీమేడ్‌వి దొరికాయి. డ్రైవరు నీళ్ల పళ్లెంలో గిన్నె మీద అయిదు రోజులుగా కూర్చునే ఉన్నాడు, ఈసారి నిద్రపోలేదు. కాగితం ముక్కలు కోసి మామయ్యగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "తలుపు ఇటేశావేంటమ్మా, జనం నడిరోడ్డులోకి దిగుతారా?" అన్నారు. డ్రైవరు వైపున వేసేశాను. నంబరు ప్లేటు మీద బాబు పుట్టినరోజు వేస్తే అదీ ఒప్పుకోలేదు. జెడ్ లేకపోతే అది ఆర్టీసీ బండే కాదట.

ఇంకొక్కటే అనుమానం. శుక్రవారం రాత్రి పూర్తయితే శనివారం సాయంత్రం ఆరింటి దాకా ఎక్కడ ఉంచను?

చార్మినార్ చౌరస్తా

మీ మామయ్యగారు కరెక్ట్. ఆర్టీసీ బండంటే నంబరులో జెడ్ ఉండాల్సిందే. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో ఇక్కడ సర్వీసు మొదలైంది. ఆ జెడ్ నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని మా హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. కేకుల గురించి నాకేం తెలీదు, బస్సు అని చూసి లోపలికొచ్చాను. ఫొటో పెట్టండి.

బెజవాడ ఓవెన్

తలుపు తికమక నాకూ ఉండేది. ఇలా గుర్తుపెట్టుకోండి. తలుపున్న పక్కకి ఎదురుగా మీరు నిలబడితే బస్సు మూతి మీ ఎడమచేతి వైపు ఉండాలి.

గనాష్ రాసిన కేకు ఫ్రిజ్‌లో పెట్టినా, ఫాండెంట్ వేసే ముందు బయట పెట్టి గది వేడికి రానివ్వండి. పైన పట్టిన చెమ్మని టిష్యూతో అద్దెయ్యండి. పూర్తయ్యాక ఏసీ గదే మంచిది, డార్క్ గనాష్ ఒక్క రాత్రికి ఏమీ కాదు. ఫ్రిజ్ తప్పనిసరైతే అట్టపెట్టెలో పెట్టి టేపు వెయ్యండి. బయటికి తీశాక గంట, గంటన్నర పెట్టె తెరవొద్దు. చెమట అట్ట మీద పడుతుంది, బస్సు మీద పడదు. ఒకవేళ పట్టినా తుడవకండి, ఫ్యాన్ గాలికి దానంతటదే ఆరుతుంది. వేలు పెడితే మాత్రం ఆ ముద్ర పోదు.

కోటిపల్లి కోడలు

అయిపోయిందండి! ఆదివారం పొద్దున రాస్తున్నాను, నడుము లేవట్లేదు.

శుక్రవారం రాత్రి బెడ్‌రూమ్‌లో ఏసీ వేసి, మంచం మీద పరుపు తీసేసి పేపర్లు పరుచుకుని అక్కడే వత్తాను. మా ఆయనా బాబూ హాల్లో పడుకున్నారు. రెండు పక్కలూ ముందూ అతికించాక, పది దాటాక కరెంటు పోయింది. గంటంబావు. చీకట్లో ఫోన్ లైటు వేసుకుని కూర్చుని బస్సుకి విసనకర్రతో విసిరాను. నన్ను చూసి అత్తయ్యగారు దేవుడికి కూడా ఇంత సేవ చెయ్యలేదన్నారు. కానీ గోడ జారలేదు! వేలితో నొక్కి చూస్తే లోపల గనాష్ గోడలాగే ఉంది. (నొక్కొద్దన్నారు కదా, ముద్ర పడింది. దాని మీద ఆర్టీసీ ముద్ర అతికించాను.)

వెనక వైపు ఎడమ మూల మాత్రం పగిలింది. అరచేతికి డాల్డా రాసి గుండ్రంగా రుద్దితే సగం మూసుకుంది, మిగతా సగం నిచ్చెన కింద దాచాను. కిటికీ ఊచలకి పొడవాటి సేమ్యా వాడాను, అది నా సొంత తెలివి. బోర్డు మీద అక్షరాలు నల్ల ఫుడ్ పెన్నుతో రాశాను. ద్రాక్షారామం పట్టలేదు, ద్రాక్షా దాకా వచ్చి ఆగింది.

సాయంత్రం జనమంతా వచ్చాక మామయ్యగారు బస్సు చుట్టూ ఒక రౌండు తిరిగారు. డ్యూటీ ఎక్కే ముందు చూసుకున్నట్టు వంగి టైర్లు చూశారు. తలుపు, జెడ్, బోర్డు, అన్నీ అయ్యాక, "అద్దాలేవమ్మా?" అన్నారు. సైడు అద్దాలు! ఒక్కరికీ గుర్తు రాలేదు. అప్పటికప్పుడు మిగిలిన నల్ల ముద్దతో రెండు చేసి స్పగెట్టీ ముక్కలతో గుచ్చాను. ఒకటి కొవ్వొత్తి వెలిగించేలోపే వంగిపోయింది. ఫర్లేదు, మన బస్సులకి అలాగే ఉంటుందన్నారు ఆయన.

కొయ్యబోతే వాడు ఒకటే ఏడుపు, తాతయ్య బస్సు కొయ్యొద్దని. చివరికి వెనక సీట్ల నుంచి మొదలుపెట్టి, ఇంజను దాకా రాకూడదని ఒప్పందం. పంచదార వద్దుగారూ, మీరన్నట్టే తొక్కంతా ప్లేట్ల పక్కకే వచ్చింది, తొమ్మిది ప్లేట్లు లెక్కపెట్టాను. మరమరాల అరటిగెల మాత్రం మొదటి అయిదు నిమిషాల్లోనే మాయం.

డ్రైవరుని వాడు ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడతను టీవీ పక్కన, ఆ ఫొటో ముందు, నీళ్ల పళ్లెంలో బోర్లించిన గిన్నె మీద కూర్చున్నాడు. పొద్దున నేను లేచేసరికే పళ్లెంలో ఎవరో కొత్త నీళ్లు పోసి ఉంచారు. మామయ్యగారిని అడిగితే పేపరు లోంచి తల ఎత్తలేదు.